రక్తపోటు: వంశమా, వంటిల్లా?

తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి సమ్మేళనాలలో ఒక మూల ఉచిత వైద్య పరీక్షల బల్ల వేయడం ఆనవాయితీ అయింది. చీరల దుకాణానికీ ఫలహారాల వరుసకూ నడుమ ఆ బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవారి పేర్లు వ్రాసుకునే పని రెండు సంవత్సరాలు నాకు అప్పగించారు. నేను వైద్యుడిని కాను, రసాయన శాస్త్రంలో పరిశోధన చేసి పొట్టపోసుకునేవాడిని. జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టే పని వైద్యులైన మిత్రులది. అయితే వ్రాసుకునేవాడికి వినికిడి ఎక్కువ. అక్కడ నాకు పదేపదే వినబడిన మాటలు రెండు. "మా నాన్నగారికి ఉందండీ, వంశంలో ఉన్నది ఎక్కడికి పోతుంది? నాకూ రావలసిందే" అన్నది మొదటిది. "మా ఇంట్లో ఎవరికీ లేదండీ, నాకెందుకు ఈ పరీక్ష" అన్నది రెండవది. మొదటివారు నిరాశతో లేచిపోతారు, రెండవవారు అసలు కూర్చోరు. ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. రక్తపోటు తాతగారి ముక్కు వంటిదనీ, వస్తే వచ్చినట్లు, రాకపోతే రానట్లేననీ మన నమ్మకం.

ఆ నమ్మకంతో నాకు స్వంత లెక్క ఒకటి ఉంది. మా నాన్నగారు పల్లెటూరి బడిపంతులు. అరవై ఒకటవ ఏట పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన రోజున గాని ఆయనకు రక్తపోటు ఉన్నదని మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అంతకు ముందు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, రోజూ రెండు మైళ్ళు నడిచేవారు. ఎవరూ కొలవలేదు, అంతే. నాకు 41వ ఏట, ఉద్యోగం తరఫున జరిగిన ఏటేటి పరీక్షలో 152/96 అని వ్రాసి ఇచ్చారు. పల్లెలోనే వ్యవసాయం చేసుకుంటున్న మా అన్నయ్యకు యాభై దాటినా 130 మించలేదు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలం, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళం. ఇద్దరు మనుషుల కథ శాస్త్రీయమైన సాక్ష్యం కాదని నాకు తెలుసు. అన్నదమ్ములకు ఉమ్మడిగా ఉండేవి సగటున సగం జన్యువులే కూడాను. అయినా ఆ కాగితం చేతికి వచ్చిన సాయంత్రమే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

కొలత సంగతి

ధమనులలో ప్రవహించే రక్తం వాటి గోడలను నెట్టే బలమే రక్తపోటు. దీనిని మొట్టమొదట కొలిచినవాడు వైద్యుడు కాదు, స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు. ఒక ఆడగుర్రాన్ని పడవేసి కట్టి, దాని తొడలోని ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబ్రాకింది. 1733లో అచ్చయిన ఈ ప్రయోగ ఫలితాన్ని నేటి లెక్కలోకి మార్చడం కష్టం కాదు. పాదరసం రక్తం కంటే సుమారు 13 రెట్లు బరువైనది కనుక, ఆ ఎత్తు పాదరసంలో 190 మిల్లీమీటర్ల పైమాట. ప్రాణభయంతో కొట్టుకుంటున్న జీవికి అంత ఉండడంలో వింత లేదు. మనకు 120 అని చెప్పినప్పుడు, అదే లెక్కన, గుండె ఒక్క పోటుతో అయిదడుగుల రక్తపు స్తంభాన్ని నిలబెట్టగలదని అర్థం.

ధమనిని కోయకుండా కొలిచే పద్ధతి రావడానికి మరి 160 ఏళ్ళు పట్టింది. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి జబ్బకు కట్టే పట్టీని చేశాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ ఆ పట్టీ క్రింద స్టెతస్కోపు పెట్టి చప్పుళ్ళు వినడం నేర్పాడు. గుండె ముడుచుకున్నప్పటి పీడనం పై అంకె, సడలినప్పటిది క్రింది అంకె. ఈ పీడనాన్ని నిర్ణయించేవి రెండే: గుండె ఎంత రక్తాన్ని నెడుతున్నది, ఆ రక్తానికి సన్నని నాళాలు ఎంత అడ్డుపడుతున్నవి. ఈ అడ్డు నాళపు వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని బట్టి మారుతుంది. నాళం నూటికి 10 పాళ్ళు ఇరుకైతే చాలు, అడ్డు ఒకటిన్నర రెట్లవుతుంది.

ఎంత ఉంటే "ఎక్కువ" అనాలి? చాలాకాలం 140/90 అన్నారు. 2017లో అమెరికా హృద్రోగ వైద్యుల సంఘాలు దానిని 130/80కి దించాయి. ఐరోపా వైద్యులు 140/90 దగ్గరే ఆగారు. అమెరికాలో నిర్ణయం వెలువడిన నాడు కోట్లాది మంది పడుకునేటప్పుడు ఆరోగ్యవంతులుగా పడుకుని రోగులుగా మేల్కొన్నారు. వారి నాళాలలో ఆ రాత్రి జరిగిన మార్పేమీ లేదు. గీత ఎక్కడ గీసినా అది మనిషి గీసినదే, ప్రకృతి గీసినది కాదు. ఈ చిన్న సంగతి చుట్టూనే 1950లలో ఇంగ్లండులో ఒక పెద్ద వాదం నడిచింది.

ఒక జన్యువా, వేయి జన్యువులా?

మాంచెస్టరులోని రాబర్ట్ ప్లాట్ వాదన ప్రకారం అధిక రక్తపోటు ఒక ప్రత్యేకమైన వ్యాధి. ఏదో ఒక్క జన్యువులోని లోపం వలన కొన్ని కుటుంబాలలో వస్తుంది, తక్కిన కుటుంబాలలో రాదు. జనాన్ని రెండు గుంపులుగా విడదీయవచ్చు. లండనులోని జార్జ్ పికరింగ్ దీనిని ఒప్పుకోలేదు. వేలమంది రక్తపోటును కొలిచి గీత గీస్తే రెండు గుంపులు కనబడవు, ఒకే ఒక నున్నని దిబ్బ కనబడుతుంది. ఎత్తు కూడా అంతే. పొడవైన తల్లిదండ్రులకు పొడవైన పిల్లలు పుడతారు గాని, లోకంలో "పొడవు జాతి", "పొట్టి జాతి" అని రెండు లేవు. రక్తపోటును అనేక జన్యువులు తలా కొంచెం నెడతాయి, పరిసరాలు మరికొంత నెడతాయి అన్నాడాయన.

వాదం ముగియడానికి అరవై ఏళ్ళు పట్టింది. 2011లో రెండు లక్షల మంది డి.ఎన్.ఏ.ను పరిశీలించినప్పుడు రక్తపోటుతో సంబంధమున్న స్థానాలు 29 నిలిచాయి. 2018లో పది లక్షల మందికి పైగా చూసినప్పుడు ఆ సంఖ్య 901కి పెరిగింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలావరకు ఒక మిల్లీమీటరులో భాగమే. పికరింగ్ నెగ్గాడు. ఈ జాబితా అధికంగా ఐరోపా సంతతి రక్తం నుండి తయారైనదని మనవాళ్ళు గుర్తుంచుకోవాలి. అంగడిలో అమ్మే లాలాజల పరీక్షల కాగితం పట్టుకుని, "నా జన్యువులు బాగున్నాయట" అని మురిసిపోవడానికి అది చాలదు.

వంశానికీ ఇంటికీ ఉన్న చిక్కుముడిని విప్పడమెలా? తండ్రికీ కొడుక్కీ జన్యువులతో పాటు ఊరగాయ జాడీ కూడా ఉమ్మడే కదా! ఇందుకు శాస్త్రజ్ఞులకు రెండు దారులు దొరికాయి. ఒకటి కవలలు. అచ్చు గుద్దినట్లుండే కవలల రక్తపోటులు మామూలు కవలల వాటికంటే దగ్గరగా ఉంటాయి. రెండవది దత్తత. 1970లలో కెనడాలోని మాంట్రియల్ నగరంలో, కన్నబిడ్డలూ పెంచుకున్న బిడ్డలూ ఉన్న కుటుంబాలను పరీక్షించారు. తల్లిదండ్రుల రక్తపోటుతో కన్నబిడ్డల రక్తపోటు బాగా పొంతన కుదిరింది, పెంచినవారిది అంతగా కుదరలేదు. ఇటువంటి పరిశీలనలన్నిటి సారం: మనిషికీ మనిషికీ మధ్య రక్తపోటులో కనబడే తేడాలలో నూటికి 30 నుండి 50 పాళ్ళు వంశానివి.

ఇక్కడే చదువుకున్నవారు కూడా తప్పటడుగు వేస్తారు. దీని అర్థం నా 152లో సగం నాన్నగారిది, సగం నాది అని కాదు. పంటలో విత్తనానిదెంత, నేలదెంత అని రైతును అడిగి చూడండి, నవ్వుతాడు. ఒకే మడిలో పది రకాల విత్తనాలు చల్లితే దిగుబడిలోని తేడాలన్నీ విత్తనానివే. ఒకే విత్తనాన్ని పది నేలలలో చల్లితే తేడాలన్నీ నేలవే. ఊరంతా ఒకే తీరుగా ఉప్పు తినేచోట, ఎవరికి పోటు వస్తుందన్నది వంశమే నిర్ణయిస్తున్నట్లు కనబడుతుంది. కారణం ఉప్పు కాకపోవడం వలన కాదు, ఉప్పు అందరి కంచాలలోనూ సమానంగా ఉండడం వలన. లండను వైద్యుడు జెఫ్రీ రోజ్ 1985లో వ్రాసిన వ్యాసంలో ఈ సంగతినే తేటతెల్లం చేశాడు. కెన్యాలోని సంచార జాతివారి రక్తపోటు దిబ్బనూ, లండను ప్రభుత్వోద్యోగుల దిబ్బనూ పక్కపక్కన పెట్టాడు. దిబ్బల ఆకారం ఒకటే, లండను దిబ్బ మొత్తంగా కుడివైపుకు జరిగి ఉన్నది. లండను ఉద్యోగులలో ఫలానా వ్యక్తికే ఎందుకు ఎక్కువ అని అడిగితే జన్యువులు బదులు చెబుతాయి. లండనువారందరికీ ఎందుకు ఎక్కువ అని అడిగితే అవి నోరు విప్పవు. నా మట్టుకు, ఈ విషయం మీద నేను చదివినవాటిలో ఇంతకంటే విలువైన పేజీలు లేవు.

అన్ని దారులూ మూత్రపిండానికే

వేయి జన్యువుల కథ ఇలా ఉండగా, ఒకే ఒక్క జన్యువు చెడి రక్తపోటు వచ్చే అరుదైన కుటుంబాలు కూడా లోకంలో ఉన్నాయి. అంటే ప్లాట్ పూర్తిగా ఓడిపోలేదు. రిచర్డ్ లిఫ్టన్, ఆయన సహచరులు 1990లలో ఈ కుటుంబాలను వెదకి పట్టుకుని, ఏ జన్యువు ఎలా చెడిందో ఒక్కొక్కటిగా తేల్చారు. 1992లో తేలిన మొదటిదానిలో, పక్కపక్కనుండే రెండు జన్యువులు అతుక్కుని ఒక సంకర జన్యువు తయారవుతుంది. దాని వలన ఆల్డోస్టిరోన్ అనే హార్మోను అవసరం లేనప్పుడు కూడా ఊరుతుంది. ఇది మూత్రపిండాలకు "ఉప్పును వదలవద్దు" అని చెప్పే హార్మోను. 1994లో తేలినది లిడిల్ వ్యాధి. ఇందులో హార్మోను లేకపోయినా సోడియం ద్వారాలు తెరిచే ఉంటాయి. లిడిల్ 1963లో వర్ణించిన మొదటి రోగికి తరువాత కాలంలో మూత్రపిండాలు పాడై, 1989లో వేరొకరి మూత్రపిండం అమర్చారు. దానితో ఆ వ్యాధి లక్షణాలు పోయాయి. తక్కిన శరీరమంతా పాత జన్యువులతోనే ఉన్నా పోటు మాత్రం పాత మూత్రపిండంతో పాటు వెళ్ళిపోయింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. గిటెల్మన్, బార్టర్ అనే వ్యాధులలో మూత్రపిండం ఉప్పును నిలుపుకోలేదు. వారికి రక్తపోటు తక్కువ. ఆ జన్యువుల చెడిన ప్రతి ఒక్కటి మాత్రమే ఉన్నవారికి జబ్బు రాదు. పైగా 2008లో ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులలో చూస్తే అటువంటివారి రక్తపోటు తక్కినవారికంటే తక్కువగా కనబడింది. రక్తపోటును పెంచే, దించే ఈ ఒంటి జన్యువుల లోపాలలో బాగా తెలిసినవన్నీ చివరకు చేరేది ఒక్క చోటికే, మూత్రపిండంలో ఉప్పు లెక్కకు. రసాయన శాస్త్రం చదివినవాడికి ఇంతకంటే అందమైన ఫలితం ఉండదు.

ఉప్పు లెక్క ఎంత సున్నితమైనదో ఒక చిన్న గణితం చెబుతుంది. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. లీటరులో 140 మిల్లీమోలుల సోడియం ఉంటుంది. రెండింటినీ గుణిస్తే 25 మోలులు, అంటే కిలోన్నర ఉప్పు! అందులో మనం తిన్నంత మేరకు పది గ్రాములు బయటకు వదలి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి చేర్చాలి. కిలోన్నరను తూచే త్రాసు ఒక గ్రాము పొరపడితే ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, ఉప్పుతో నీరు నిలుస్తుంది, నీటితో పోటు పెరుగుతుంది. పెరిగిన పోటు మూత్రపిండం మీద ఒత్తిడి తెచ్చి ఆ మిగులు ఉప్పును బయటకు నెట్టిస్తుంది. అంటే కొందరి విషయంలో అధిక రక్తపోటు అనేది, తిన్న ఉప్పును వదిలించుకోవడానికి శరీరం చెల్లించే మూల్యం. అందరి త్రాసూ ఒకేలా తూగదు. 1962లో లూయిస్ డాల్ ఎలుకలను తరతరాలుగా ఏరి పెంచి రెండు వంశాలు తయారు చేశాడు. ఒక వంశం ఎంత ఉప్పు తిన్నా చలించదు. రెండవది ఉప్పు తినగానే పోటెక్కి చనిపోతుంది. ఉప్పు లేని మేత పెడితే ఆ రెండవ వంశం కూడా చాలావరకు క్షేమంగా బ్రతుకుతుంది. వంశమా, వంటిల్లా అన్న ప్రశ్నకు డాల్ ఎలుకలు ఇచ్చిన జవాబు ఇది.

ఒకే తలుపును వంశమూ తట్టగలదు, వంటిల్లూ తట్టగలదు అనడానికి మన ఇళ్ళలోని ఉదాహరణ అతిమధురం. దగ్గు వస్తే పిల్లలకు నమలనిచ్చే వేరు ఇది. ఆల్డోస్టిరోన్ పట్టుకునే గ్రాహకానికి కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా సరిగ్గా అతుకుతుంది, రక్తంలో దాని మోతాదు ఎంతో ఎక్కువ కూడా. అందుకని మూత్రపిండ కణంలో ఒక ఎంజైము కాపలా ఉండి, కార్టిసాల్‌ను అతకని కార్టిసోన్‌గా మార్చివేస్తుంది. కొన్ని కుటుంబాలలో ఈ కాపలాదారుడి జన్యువు చెడిపోయి, పసితనంలోనే తీవ్రమైన రక్తపోటు వస్తుంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ శరీరంలో మార్పుచెంది సరిగ్గా ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది. అంటే జన్యువులు చక్కగా ఉన్నవాడు కూడా, నెలల తరబడి అతిమధురం సేవిస్తే, జన్యులోపం ఉన్నవాడిలాగా అవుతాడు. అమెరికాలో అమ్మే నల్లని లికొరిస్ మిఠాయిలో కూడా కొన్నిటిలో ఇదే వేరు ఉంటుంది. నలభై దాటినవారు రోజుకు రెండు ఔన్సుల చొప్పున రెండు వారాలు తింటే గుండె లయ తప్పవచ్చునని అక్కడి ఆహార, ఔషధ శాఖ హెచ్చరించింది. గొంతు గరగరకు ఒక పూట నమిలితే వచ్చే భయమేమీ లేదు. రక్తపోటు ఉన్నవారు దానిని కషాయంగా రోజూ త్రాగడం మాత్రం తగదు.

మూలికలన్నీ ఇటువంటివే అనుకోవద్దు. పోటును దించే మొదటి మందులలో ఒకటి మన సర్పగంధ నుండి వచ్చింది. 1931లో సేన్, బోస్ అనే బెంగాలీ వైద్యులు దాని గుణాన్ని ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ తన రోగుల ఫలితాలను బ్రిటిష్ పత్రికలో వ్రాసి లోకం దృష్టికి తెచ్చాడు. 1952లో స్విట్జర్లాండులో దాని నుండి రెసర్పిన్‌ను వేరుచేశారు. మనస్సును క్రుంగదీసే గుణం ఉన్నదన్న భయం వలనా, మెరుగైన మందులు రావడం వలనా దాని వాడుక తగ్గింది. నేటి మందులలో చవకైనవీ చాలామంది వాడేవీ అయిన థయజైడ్ మాత్రల సంగతి మరింత ముచ్చటైనది. ఏ ఉప్పు ద్వారం లోపిస్తే గిటెల్మన్ వ్యాధి వస్తుందో సరిగ్గా ఆ ద్వారాన్నే ఇవి మూస్తాయి. జన్యువు సంగతి తెలియక ముందే, 1950ల చివర, రసాయనజ్ఞులు ఆ తాళంచెవిని చేసి పెట్టారు.

ఉప్పు తెలియని మనుషులు

వయస్సుతో రక్తపోటు పెరగడం సహజమని మన పెద్దలు అనుకునేవారు, వైద్యులు కూడా అనేవారు. బ్రెజిల్, వెనెజ్వేలా అడవులలోని యనోమామి జాతివారు ఈ మాటను అబద్ధం చేశారు. వారు వంటలో ఉప్పు వేసుకోరు. వారి రక్తపోటు సగటున 95/61కి దగ్గరగా ఉంటుంది, వయస్సు పెరిగినా పెరగదు. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అనే పరిశీలనలో 32 దేశాలలోని 52 చోట్ల 10,079 మంది ఒక రోజు మూత్రాన్ని సేకరించి సోడియం కొలిచారు. ఢిల్లీ, లడఖ్ కూడా అందులో ఉన్నాయి. ఉప్పు ఎక్కువగా తినే చోట వయస్సుతో పాటు పోటు వేగంగా పెరుగుతున్నదని తేలింది. యనోమామి జన్యువులు వేరు కావచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు, అడగాలి కూడా. దానికి జవాబు కెన్యాలో దొరికింది. పడమటి కెన్యాలోని లువో పల్లెల నుండి నైరోబీకి పనికోసం వెళ్ళిన యువకులను, పల్లెలో మిగిలిన వారితో పోల్చి 1990లో ప్రకటించారు. పట్నం చేరిన కొద్ది నెలలలోపే వారి రక్తపోటు పెరిగింది. మూత్రంలో సోడియం పెరిగింది, పొటాషియం పాలు తగ్గింది. బస్సు దిగినంత మాత్రాన జన్యువులు మారవు.

మనం ఎక్కినవి విమానాలు, అంతే తేడా. భారతదేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన పురుషులలో నూటికి 24 మందికి, స్త్రీలలో 21 మందికి అధిక రక్తపోటు ఉన్నది లేదా వారు దానికి మందులు వాడుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాలలో ఈ సంఖ్యలు దేశపు సగటును మించాయి. కనుక రక్తపోటు సీమకు వచ్చి తెచ్చుకున్న జబ్బు అని నేను అనను. అక్కడ ఒక దారిలో వచ్చేది ఇక్కడ రెండు దారులలో వస్తున్నది. మన ఇంట ఉప్పు చేతితో వేసేది, కంటికి కనబడేది. అమెరికా ఆహారంలో సోడియం నూటికి 70 పాళ్ళు కార్ఖానాలలోనూ హోటళ్ళలోనూ ముందే కలిసి వస్తుంది. ఉదయం రొట్టె, మధ్యాహ్నం డబ్బా సూపు, పిల్లలతో పాటు జున్ను పరచిన పిజ్జా, రాత్రి మాత్రం నిష్ఠగా పప్పు, చారు, పెరుగన్నంలో ఊరమిరపకాయ. రెండు సంస్కృతుల ఉప్పునూ ఒకే కడుపు మోస్తున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన పరిమితి రోజుకు 5 గ్రాముల ఉప్పు, సుమారు ఒక చిన్న చెంచాడు. అమెరికా డబ్బాల మీద ఉప్పు అని వ్రాయరు, సోడియం అని మిల్లీగ్రాములలో వ్రాస్తారు. ఉప్పు బరువులో సోడియం నూటికి 39 పాళ్ళు కనుక, ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాములని ఉంటే 2 గ్రాముల ఉప్పు. పచ్చడి సీసా మీద "ఒక వడ్డన" అన్నది ఎంతో కూడా చూడాలి, మన వడ్డనకూ వారి వడ్డనకూ పోలిక ఉండదు. నూటికి 10 పాళ్ళు ఉప్పున్న ఊరగాయ 20 గ్రాములు కలుపుకుంటే 2 గ్రాముల ఉప్పు లోపలికి పోయినట్లే. ఊరగాయకు అంత ఉప్పు వేయడం అమ్మమ్మల చాదస్తం కాదు. సూక్ష్మజీవులకు అందవలసిన నీటిని కట్టివేసేది ఆ ఉప్పే, తగ్గిస్తే బూజు పడుతుంది. కాబట్టి ఆవకాయలో ఉప్పు తగ్గించమని నేను చెప్పను, కంచంలో ఆవకాయ తగ్గించమంటాను. అప్పడాలలోని క్షారం, వంటసోడా కూడా సోడియం లవణాలే అన్నది చాలామంది మరచిపోయే సంగతి. సైంధవ లవణం, రాళ్ళ ఉప్పు, గులాబిరంగు హిమాలయపు ఉప్పు వాడుతున్నామని కొందరు ధైర్యంగా చెబుతారు. ఆ రంగు ఇనుము మలినాలది. మిగిలినదంతా అదే సోడియం క్లోరైడు.

ఉప్పుకు ఎదురు తూకం పొటాషియం. కూరగాయలు, పళ్ళు, పప్పుదినుసులు, కొబ్బరినీళ్ళు దీనికి నిలయాలు. కూరగాయలు ఉడికించిన నీటిని పారబోస్తే పొటాషియం కూడా తూములోకే పోతుంది. 2021లో చైనా నుండి ఒక గొప్ప ప్రయోగ ఫలితం వచ్చింది. 600 పల్లెలలో దాదాపు 21 వేల మందిని తీసుకుని, సగం పల్లెలకు మామూలు ఉప్పు, సగం పల్లెలకు నాలుగింట ఒక వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు ఇచ్చారు. రెండవ పల్లెలలో పక్షవాతం నూటికి 14 పాళ్ళు తగ్గింది. జన్యువులను ఎవరూ ముట్టుకోలేదు, ఉప్పు డబ్బా మార్చారు. మరోవైపు బ్రిటనులో 2018లో 2 లక్షల 77 వేల మందిని జన్యువుల భారాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీసి చూశారు. మంచి అలవాట్లున్నవారికి, తక్కువ భారమున్న తరగతిలోనూ ఎక్కువ భారమున్న తరగతిలోనూ కూడా, పై అంకె 3 నుండి 5 మిల్లీమీటర్లు తక్కువగా ఉన్నది. చెడ్డ జన్యువులున్నవారికి పత్యం పనిచేయదన్న మాటకు ఆధారం లేదు.

తక్కిన కారణాలను త్వరగా చెబుతాను. నడుము చుట్టుకొలత, మద్యం, కదలని కొలువు, నిద్రలో గురకతో ఊపిరి ఆగిపోవడం, ఇవన్నీ పోటును పెంచేవే. గురక సంగతి భార్యలకు తెలుస్తుంది గాని వైద్యుడికి ఎవరూ చెప్పరు. మానసిక ఒత్తిడికి మనవాళ్ళు ఇచ్చినంత పెద్దపీట నేను వేయలేను. అది ఆ పూటకు పోటును పెంచుతుందన్నది నిజమే, ఏళ్ళ తరబడి పెంచుతుందనడానికి ఉప్పుకున్నంత గట్టి సాక్ష్యం దానికి లేదు. ఒక్క విషయం మాత్రం ఆలోచింపజేస్తుంది. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు పెద్దయ్యాక రక్తపోటు ఎక్కువగా వస్తుందని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ చూపించాడు. గర్భంలో మూత్రపిండపు వడపోత గొట్టాలు తక్కువగా తయారవడం ఒక కారణమని 1988లో బ్రెన్నర్ ప్రతిపాదించాడు. పుట్టాక కొత్తవి పుట్టవు. తల్లి తిన్న తిండి బిడ్డకు వంశమా, పరిసరమా? ఏ పెట్టెలో వేయాలో నాకు ఇప్పటికీ తోచదు.

ఇంటివద్ద చేయదగిన పని సులువైనది. జబ్బకు కట్టే యంత్రాన్ని కొనుక్కోండి, మణికట్టుది వద్దు. పట్టీ మీ జబ్బకు సరిపోవాలి, ఇరుకైతే అంకె అబద్ధంగా పెరుగుతుంది. కాఫీ త్రాగిన వెంటనే కాక, అయిదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని, మాట్లాడకుండా కూర్చుని, చేతిని గుండె ఎత్తున బల్లమీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. ఒక వారం వ్రాసి వైద్యుడికి చూపండి. దానితో పాటు తల్లికీ తండ్రికీ ఏ వయస్సులో పోటు కనబడిందో, పక్షవాతం వచ్చిందో కూడా వ్రాయండి. ముప్పై లోపున వచ్చిన కుటుంబాలలో, రక్తంలో పొటాషియం తక్కువగా ఉన్నవారిలో, లిఫ్టన్ చూపిన అరుదైన జబ్బులను వెదకవలసి ఉంటుంది. వాటికి మందులు వేరు. పై అంకె 10 తగ్గితే పక్షవాతపు అపాయం నాలుగవ వంతు తగ్గుతుందని మందుల ప్రయోగాలన్నిటినీ కలిపి చూసినవారు లెక్క కట్టారు.

పొటాషియం ఉప్పు గురించి చదివి రేపే కొనబోయేవారికి ఒక హెచ్చరిక. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, పేరు చివర "ప్రిల్" అని గాని "సార్టన్" అని గాని ఉన్న మాత్రలు వేసుకునేవారికీ, స్పిరొనొలాక్టోన్ వాడేవారికీ రక్తంలో పొటాషియం పేరుకుని గుండె ఆగే ప్రమాదం ఉన్నది. వారు వైద్యుడిని అడగకుండా ఆ డబ్బా మూత తీయకూడదు. తక్కినవారు చారులో మొదలుపెట్టవచ్చు. పొటాషియం క్లోరైడుకు ఉన్న చిరుచేదు చింతపండు పులుపులో కలిసిపోతుంది. మజ్జిగలో దాగదు, మా ఇంట్లో కనిపెట్టేశారు.